చెయ్యి ఎత్తనని సంతకం

మా నాన్న నన్ను ఇబ్రహీంపట్నం దగ్గరి కోచింగ్ హాస్టల్లోనే వెయ్యాలని పట్టుబట్టడానికి కారణం ఒక్కటే. అక్కడ బాగా కొడతారని ఆయనకెవరో చెప్పారు. తొంభైల చివరి మాట ఇది. బెజవాడ చుట్టుపక్కల సందుకో కోచింగ్ కాలేజీ లేచిన రోజులు. తండ్రులు పిల్లల్ని దించి వెళ్తూ వార్డెన్‌తో "కళ్ళూ చెవులూ వదిలేసి మిగతాదంతా మీ ఇష్టమండీ" అనేసి, అదేదో పెద్ద మర్యాద చేసినట్టు నవ్వి బస్సెక్కేవాళ్ళు. మా నాన్న కళ్ళకీ చెవులకీ కూడా మినహాయింపు ఇచ్చే రకం కాదు.

మాది కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డు. తాత పడవ మీద పోయి వల వేసినవాడు. నాన్న రోజులకి చేపల చెరువులొచ్చాయి, చెరువులతో పాటు మాకొక ప్యాకింగ్ షెడ్డు వచ్చింది. బొచ్చెలూ శీలావతులూ ట్రేలలో పేర్పించి, ఐసు దిమ్మలు పగలగొట్టించి పైన కప్పించి, లారీలకెక్కించి హౌరా పంపేవాడు. ఇల్లు షెడ్డు వెనకాలే. పొద్దున లేచేసరికి నీచు వాసన, ఐసు కొట్టే చప్పుడు, మా నాన్న తిట్లు. ఆయన కూలీల్ని కొట్టేవాడు, డ్రైవర్లని కొట్టేవాడు, అమ్మని కొట్టేవాడు, నన్ను కొట్టేవాడు. నేనేమైనా తక్కువా? చేతికి దొరికినవాళ్ళని నేనూ కొట్టేదాన్ని. బళ్ళో నా పక్కన కూర్చోడానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మా ఇంట్లో ఎవరికైనా కోపమొస్తే నోటికంటే ముందు చెయ్యి లేచేది, అంతే. అదొక తప్పని మాకెవరూ చెప్పలేదు.

ఇంటర్ మొదటి సంవత్సరం నన్ను బెజవాడలో ఒక కోచింగ్ కాలేజీలో వేశారు. అక్కడ ఫిజిక్సు లెక్చరరు స్టీలు స్కేలు నిలువుగా పట్టుకుని కణుపుల మీద కొట్టేవాడు. ఒకరోజు ఆరు కొట్టాడు. ఏడోది పడేలోపు స్కేలు లాక్కుని ఆయన మణికట్టు మీద ఒక్కటిచ్చాను. ఎర్రగా గీత తేలింది. మధ్యాహ్నానికల్లా నాన్నకి ఫోను వెళ్ళింది, సాయంత్రానికి నా చేతిలో టీసీ పెట్టారు.

జీపెక్కాక నాన్న అడిగాడు, "నువ్వెన్ని కొట్టావ్?"

"ఒకటి."

"ఆడెన్ని కొట్టాడు?"

"ఆరు."

"మిగతా అయిదూ ఎవరికొదిలేసి వచ్చావే?" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. కంకిపాడు దాటాక జీపు పక్కకి ఆపి, చదువు మధ్యలో పోగొట్టుకొచ్చినందుకు నన్ను కాలవ గట్టు మీద కొట్టాడు. రెండూ ఆయనే, రెండూ నిజమే. నవ్వింది అబద్ధం కాదు, కొట్టిందీ అబద్ధం కాదు.

ఆ తర్వాత కైకలూరులోనే మామూలు కాలేజీలో ఇంటర్ గట్టెక్కించాను. ఎంసెట్‌లో ర్యాంకు అనదగ్గదేమీ రాలేదు. అందుకే ఇబ్రహీంపట్నం హాస్టలు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ అని, ఇంజనీరింగ్ సీటు కొట్టేదాకా బయటికి రానివ్వరని. నాకేమో లెక్కలు బొత్తిగా వచ్చేవి కావు. కైకలూరు కాలేజీలో ఇంగ్లీషు మేష్టారొకాయన ఒకసారి చెప్పాడు, కంకిపాడు దాటి లోపలికి వెళ్తే కాలవ గట్టు మీద చిన్న కాలేజీ ఒకటుందని. అక్కడ చరిత్రా, సాహిత్యం, ఆర్థికం, బొమ్మలెయ్యడం, ఏది కావాలంటే అది కలిపి చదువుకోవచ్చట. మొత్తం పిల్లలు రెండొందల మందికి మించరట. పరీక్ష పెట్టరట, ఒకరోజు వచ్చి చూసి, కూర్చుని, మాట్లాడి వెళ్ళమంటారట. ఆ రోజు నుంచీ నా బుర్రలో ఆ గట్టే తిరుగుతా ఉండేది. ఇబ్రహీంపట్నం వెళ్తే నేనెవర్నో ఒకర్ని చంపుతాను, లేదా నేనే చస్తాను. నాకు అంత ఖాయంగా తెలుసు. నాకు ఆ చిన్న కాలేజీలో సీటు కావాలి. దానికి అమ్మో నాన్నో సంతకం పెట్టాలి.

అమ్మ అడిగింది. ఆవిడ మా నాన్నని ఏదీ అడగ్గా నేను చూళ్ళేదు. అన్నం వడ్డిస్తూ అంది, "దారిలోదే గదయ్యా, ఒకసారి చూసి పోదాం. పడకపోతే నీ హాస్టలుకే."

నాన్న కంచం వంక చూస్తూ తిన్నాడు. చెయ్యి కడుక్కునేటప్పుడు, "దారిలోదే గదా" అన్నాడు. అంతే, ఒప్పుకున్నట్టు.

ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకుని ముగ్గురం బయల్దేరాం. జీపు వెనకాల నా ట్రంకుపెట్టె, పరుపు చుట్ట, బకెట్టు. అన్నీ ఇబ్రహీంపట్నం కోసం సర్దినవి. గుడివాడలో టిఫిను తిన్నాం. నాన్న మంచి హుషారుగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మ కొత్త జరీ అంచు చీర కట్టుకుని, కనుబొమ మొదట్లో ఉన్న మచ్చ కనపడకుండా బొట్టు కాస్త పక్కకి, పెద్దదిగా పెట్టుకుంది.

కాలేజీ చూడగానే నాన్న, "ఇదేంటి, కోళ్ళ ఫారం లాగుంది" అన్నాడు. నిజమే, పొడుగ్గా రెండు పెంకుటి షెడ్లు, మధ్యలో ఇసక, అవతల కాలవ, ఆ అవతల వరి. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు. ఒక అమ్మాయి సైకిలు మీద ఎదురొచ్చి, "చూడ్డానికొచ్చారా అండీ? లోపలికెళ్ళండి, ఎక్కడైనా కూర్చోవచ్చు" అని చెప్పి తన దారిన తను పోయింది. ఎక్కడైనా కూర్చోవచ్చంటే నాకేమీ పాలుపోలేదు. బెజవాడ కాలేజీలో మంచినీళ్ళు తాగడానిక్కూడా చీటీ కావాలి.

నేనొక గదిలోకి వెళ్ళి చివర కూర్చున్నాను. అందరూ చాప మీదే. యాభై ఏళ్ళావిడ ఒకరు, నేత చీర, ముక్కు మీదకి జారే కళ్ళజోడు, చరిత్ర చెప్తున్నారు. కృష్ణ మీద ఆనకట్ట కట్టాక డెల్టా అంతా పండిందని చెప్తుంటే ఒక కుర్రాడు కూర్చున్నచోటు నుంచే, "మీరు చెప్పింది తప్పండీ" అన్నాడు. నా భుజం దానంతటదే ముడుచుకుపోయింది. ఇప్పుడు పడుద్ది దెబ్బ, డస్టరో స్కేలో ఏదోటి పడుద్దని కళ్ళు మూసేసుకున్నాను కూడా. ఏ చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ, "ఎక్కడ తప్పు, చెప్పు" అంటున్నారు. ఆ కుర్రాడు వాళ్ళ ఊరు కాలవకి చిట్టచివరనీ, తన తాతల నాడు నీళ్ళు అక్కడిదాకా వచ్చేవి కావనీ, పై ఊళ్ళవాళ్ళతో కొట్టుకుని తలకాయలు పగిలాయనీ చెప్పాడు. ఆవిడ రాసుకున్నారు. కుర్రాడు చెప్పింది మేడం గారు రాసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలీదు.

కిటికీ బయట నుంచి నాన్న కూడా చూశాడు. "పంతులమ్మంటే భయమే లేదు ఈళ్ళకి" అని అమ్మతో అనడం నాకు వినపడింది.

మధ్యాహ్నం పిల్లలతో పాటే భోజనం. పప్పు, వంకాయ కూర, మజ్జిగ. తిన్నాక ఎవరి కంచం వాళ్ళే కడుక్కుంటున్నారు. నాన్న కంచం అక్కడే వదిలేసి లేవబోతే అమ్మ గబుక్కున తీసుకుని కడిగేసింది. చేపల్లేని అన్నం తిని ఆయన హుషారు కాస్త తగ్గింది. "అయిందా? పోదామా?" అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత ఆ మేడం గారే నన్ను తన గదిలోకి పిలిచారు. చేర్చుకునేది లేనిదీ చూసేది ఆవిడేనట. ఒక తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి, "మీ ఇంట్లో ఒక మామూలు రోజు గురించి రాయమ్మా. ఎంత రాస్తే అంత" అన్నారు.

నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారో, తిట్టుకుంటారో నాకు తెలీదు. మంచి మార్కులు పడాలని, ఆవిడ మెచ్చుకోవాలని, మా ఇంట్లో జరిగిన వాటిల్లో అన్నిటికంటే గొప్ప రోజు ఏరుకుని రాశాను. లోడులో ఐసు తక్కువ కప్పి, హౌరా చేరేసరికి చేపంతా కుళ్ళబెట్టిన ప్యాకరు ఒకతన్ని మా నాన్న పట్టుకున్న రోజు. ఐసు దిమ్మలు లాగే ఇనప కొక్కేనికి కర్ర పిడి ఉంటుంది, దాంతో కొట్టాడు. చెయ్యి విరిగిన చప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. అదంతా రాశాను. ఆ తర్వాత నాన్నే అతన్ని జీపులో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించాడనీ, కట్టు విప్పిన మర్నాడే మళ్ళీ పనిలోకి రమ్మన్నాడనీ, ఇంత మంచి మనసు ఎవరికుంటుందనీ రాశాను. ఇంకా సగం కాగితం మిగిలింది. ఖాళీగా ఇస్తే బాగోదని, ఆ రోజు అమ్మ అడ్డం వెళ్తే నాన్న తోసేశాడనీ, రేకుల షెడ్డు స్తంభానికి తగిలి అమ్మ కనుబొమ చీలిందనీ, అలాగే వంట చేస్తుంటే రక్తం పులుసు గిన్నెలో పడిందనీ, నాన్నే పసుపు అద్దాడనీ, సాయంత్రం అందరం ఆ పులుసే పోసుకుని తిన్నామనీ రాశాను. చివర ఒక వాక్యం, నాకిప్పటికీ గుర్తు. "మా ఇంట్లో ఎవరూ ఏదీ మనసులో పెట్టుకోరు." దాని కింద గీత కూడా గీశాను, అందంగా.

మేడం గారు చదివారు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివారు.

"ఇది మామూలు రోజేనా అమ్మా?"

"మామూలు రోజేనండీ. కాకపోతే కొంచెం పెద్దది."

ఆవిడ నా వంక చూసిన చూపులో మెచ్చుకోలు కోసం వెతికాను. దొరకలేదు. లేచి వెళ్ళి అమ్మానాన్నల్ని పిలిచారు. కుర్చీలు వేయించి, "మీ అమ్మాయి రాసింది చదువుతాను. ఇక్కడ పిల్లలు రాసింది పెద్దవాళ్ళకి తెలియకుండా దాచం" అన్నారు. చదివారు.

ప్యాకరు సంగతి వస్తుంటే నాన్న మీసం కింద నవ్వుకుంటున్నాడు. "ఎడమ చెయ్యి" అని చదివినప్పుడు ఆపి, "కాదండీ, కుడి చెయ్యి" అని సరిచేశాడు. మేడం గారు పెన్నుతో దిద్దారు. కింద సగంలోకి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. అదే మాట మనింట్లో అనుకోవడం వేరు. నేత చీర కట్టుకున్న ఒక చదువుకున్నావిడ, శుభ్రమైన గొంతుతో, "రక్తం పులుసు గిన్నెలో పడింది" అని చదువుతుంటే వినడం వేరు. అమ్మ కొంగు లాక్కుని నుదురు కప్పుకుంది. నేను ఆ క్షణంలో మా ఇంటిని మొదటిసారి బయట నుంచి చూశాను. కాగితం లాక్కుని మింగేద్దామా అనిపించింది.

"తప్పేం రాయలేదండీ పిల్ల" అన్నాడు నాన్న, గొంతు తగ్గించి. "జరిగిందే."

"సీటు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదండీ. కానీ ఇక్కడొక పద్ధతుంది" అని మేడం గారు సొరుగులోంచి ఒక కాగితం తీశారు. అందులో రెండే వాక్యాలు. ఈ కాలేజీలో చదివినన్నాళ్ళూ నేను ఎవరి మీదా చెయ్యి ఎత్తను అని విద్యార్థి సంతకం. ఈ విద్యార్థి మీద, ఇక్కడ గానీ సెలవుల్లో ఇంటి దగ్గర గానీ, నేను చెయ్యి ఎత్తను అని తల్లో తండ్రో సంతకం. బెజవాడ కాలేజీల్లో ముఠాలు కట్టి సైకిలు చెయిన్లతో కొట్టుకునే రోజులవి. వాటికి దూరంగా ఉండాలనే ఇలా మొదలుపెట్టామని ఆవిడ చెప్పారు. నేను పెన్ను లాక్కున్నంత పని చేసి సంతకం గీకేశాను. దేనికి పెడుతున్నానో ఆలోచిస్తే కదా. సీటొస్తుందంటే నన్ను నేనే అమ్మేసుకునేదాన్ని.

నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత టేబులు మీద పెట్టేశాడు.

"నేను పెట్టనండీ."

"ఎందుకని?"

"నిలబెట్టుకోలేను గనక. ఎల్లుండికే తప్పుతాను. మా చేపల యాపారం అంతా నోటి మాట మీద నడుస్తదండీ. హౌరాలో ఎవడో ముక్కూ మొహం తెలియనోడికి ఫోనులో మాటిచ్చి లారీ పంపిస్తాను. ఇరవై ఏళ్ళల్లో ఒక్కసారీ మాట తప్పలేదు. కొట్టనని అబద్ధం రాసియ్యమంటే నావల్ల కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గదిలో అబద్ధం చెప్పని మనిషి ఆయనొక్కడే. కొట్టడం మానడం అన్నది ఆయన లెక్కలోనే లేదు. కొట్టనని అబద్ధం చెప్పడం మాత్రం తప్పు. ఆయన నీతి అలా ఉండేది.

మేడం గారు "మీ ఇష్టమండీ. అమ్మగారు పెట్టినా చాలు" అని కాగితం అమ్మ వైపు జరిపారు.

అమ్మ అయిదో తరగతి చదివింది. సంతకం అంటే పేరు మొత్తం, ఒక్కో అక్షరం ముగ్గు పెట్టినట్టు పెట్టేది. పెన్ను తీసుకుంది. నాన్న వైపు చూడలేదు.

"పెట్టావంటే చూడు" అన్నాడు నాన్న.

మొదటి అక్షరం పెట్టింది.

"నిన్నే."

రెండో అక్షరం దగ్గర ఉంది. నాన్న లేచాడు. మేడం గారు "ఏవండీ" అంటూనే ఉన్నారు, ఆయన అమ్మ ముడి పట్టుకుని తల టేబులుకేసి కొట్టేశాడు. ఒక్కసారే. టేబులు మీది గ్లాసు దొర్లి కింద పడింది. నా చేతికి గాజు పేపర్ వెయిట్ అందింది. దాన్ని తీసుకుని మా నాన్న ముక్కు మీద కొట్టాను. కొట్టాలా వద్దా అన్న ఆలోచన నాకు రాలేదు, చెప్పొద్దూ. ఆ రోజుల్లో నా చేతికీ నాకూ మధ్య అలాంటిదేమీ ఉండేది కాదు. ముక్కు దూలం చితికిన చప్పుడు వినపడింది. ఇస్త్రీ చొక్కా బొత్తాల వెంబడి రక్తం కారింది. ఆయన ముడి వదిలేసి, ముక్కు పట్టుకుని, కుర్చీలో కూలబడ్డాడు.

నేను రెండోసారి ఎత్తాను. మేడం గారు నా మణికట్టు పట్టుకున్నారు. అంత సన్నటి మనిషికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. పేపర్ వెయిట్ విడిపించి సొరుగులో పెట్టేశారు.

అమ్మ తలెత్తింది. నుదుటి మీద పెద్ద బొట్టు చెరిగిపోయి, పాత మచ్చ పక్కన బొప్పి లేస్తోంది. జారిన పెన్ను వెతుక్కుని, మూడో అక్షరం, నాలుగో అక్షరం పెట్టి సంతకం పూర్తి చేసింది.

మేడం గారు తలుపు దగ్గరగా వేసి, నాన్నకి తడిబట్ట ఇచ్చారు. నా వైపు తిరిగారు.

"నువ్వు సంతకం పెట్టి ఎంతసేపయింది?"

"ఇప్పుడేనండీ."

"తప్పావు."

"తప్పానండీ."

"మళ్ళీ కొట్టాలని ఉందా?"

లేదని చెప్పాలని తెలుసు. సీటు పోతుందని తెలుసు. కానీ నాన్న అలా మొహమాటం లేకుండా నిజం చెప్పాక నాకు అబద్ధం నోటికి రాలేదు. "ఉందండీ. ఇంకా అయిదారు కొట్టాలని ఉంది."

ఆవిడ తల పట్టుకున్నారు. ఆవిడ బతుకులో అలాంటి అడ్మిషను అదే మొదటిది అయ్యుంటుంది. తర్వాత నాన్న ఎదురుగా వెళ్ళి కూర్చున్నారు.

"దెబ్బ తిన్నది మీరండీ. మాట తప్పింది ఈ పిల్ల. రూలు ప్రకారం పంపించెయ్యాలి. కానీ మిమ్మల్ని అడగకుండా నేను తేల్చను. ఈ పిల్లకి సీటు ఇవ్వమంటారా, వద్దంటారా?"

మా నాన్నని అలా ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. తడిబట్ట ముక్కు దగ్గర్నుంచి తీసి, దాన్నిండా ఉన్న రక్తం చూసుకున్నాడు. నా వంక చూశాడు. ఆ చూపులో ప్రేమ లేదు, కోపం కూడా లేదు. లోడు చూసి ఇది ఎంత దూరం తట్టుకుంటుందో అంచనా వేసేవాడి చూపు.

"ఇచ్చెయ్యండి" అన్నాడు. "ఇప్పుడు దీన్ని జీపెక్కిస్తే ఇబ్రహీంపట్నం దాకా రాదు. దారిలోనే చంపి కాలవలో వేస్తాను. నాకు తెలుసు. మీరే ఉంచుకోండి."

అని లేచి బయటికి వెళ్ళిపోయాడు. తనే జీపు వెనక తలుపు తీసి, ట్రంకుపెట్టె, పరుపు చుట్ట, బకెట్టు ఇసకలోకి విసిరేశాడు. బకెట్టు దొర్లుకుంటూ పోయింది. పిల్లలు క్లాసుల్లోంచి తొంగి చూస్తున్నారు. ఆయన డ్రైవింగ్ సీట్లో కూర్చుని హారను కొట్టాడు, ఒకటి, రెండు, మూడు.

ఆ హారను అమ్మ కోసం.

మేడం గారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "ఈ పూట వెళ్ళకండమ్మా. పిల్లతో పాటు హాస్టల్లో ఉండండి. రెండు రోజులు, పది రోజులు, మీకెన్నాళ్ళు ఉండాలనిపిస్తే అన్నాళ్ళు. ఆయన కోపం దిగాక చూద్దాం."

అమ్మ వెంటనే కాదనలేదు. దీన్ని నేను చాలాసార్లు చాలామందికి మార్చి చెప్పాను, అమ్మ ససేమిరా అందని, మొగుణ్ణి వదిలి ఉండనందని. అబద్ధం. అమ్మ నా వంక చూసింది. నేను ఉండమంటే ఉండిపోయేది. పిల్ల ఉండమంది అనే వంక ఒక్కటి దొరికితే చాలు ఆవిడకి. అంతా ఆ మొహంలోనే ఉంది, నాకు చదవడం వచ్చు.

నేను నోరు విప్పలేదు. అమ్మ ఇక్కడుంటే ఆయన గేటు దగ్గర్నుంచి కదలడు. కూలీల్ని తీసుకొస్తాడు, గొడవ చేస్తాడు. సాయంత్రానికల్లా ఈ మేడం గారికి విసుగొచ్చి ఇద్దర్నీ పంపించేస్తారు. నా సీటు పోతుంది. ఇదంతా ఒక్క రెప్పపాటులో లెక్కేసుకున్నాను. లెక్కలు రావని కదా నా బాధ, ఆ లెక్క మాత్రం ఎంత బాగా వచ్చిందో. నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. నాలుగో హారను మోగింది.

"షెడ్డులో పదిమందికి వండాలండీ" అంది అమ్మ, మేడం గారితో. చెరిగిన బొట్టు వేలితో దిద్దుకుని, నా తల మీద చెయ్యి వేసి తీసి, వెళ్ళి ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఆవిడ మీదుగా చెయ్యి చాపి అటువైపు తలుపు గట్టిగా వేశాడు. నేను పేపర్ వెయిట్‌తో కొట్టిన దెబ్బ ఆ ముక్కు మీదుంది. ఆ జీపులో ఆయన చేతికి అందేంత దూరంలో ఉన్నది అమ్మ ఒక్కతే.

జీపు మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత నాకు ఏమనిపించిందో చెప్పడానికే ఇంతసేపూ ఇదంతా చెప్పుకొచ్చాను. సంతోషమేసింది. కాళ్ళు తేలిపోయేంత సంతోషం. పరుగెత్తి బకెట్టు తెచ్చుకుని, పరుపు భుజాన వేసుకుని, హాస్టలెక్కడండీ అని అడిగాను. ఆ రాత్రి వాళ్ళు పెట్టిన అన్నం రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాను.

మూడో ఆదివారం అమ్మ వచ్చింది. ఒక్కతే, రెండు బస్సులు మారి. కుడి చెయ్యి మోచేతి దాకా సిమెంటు కట్టు, మెడలోంచి గుడ్డతో వేలాడుతోంది. పళ్ళు రెండు లేవు. నన్ను చూసి నవ్వబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"బావి దగ్గర జారిపడ్డానే" అంది, నేనేమీ అడక్కముందే. "నీకు అన్నం బాగా పెడుతున్నారా?"

మా ఇంట్లో బావి లేదు. చేతి పంపు ఉంది.

"పెడుతున్నారమ్మా" అన్నాను. తీసుకెళ్ళి నా మంచం చూపించాను, పుస్తకాలు చూపించాను, మేం కూర్చునే చాపలు చూపించాను. ఆవిడ అన్నీ మెచ్చుకుంది. నాలుగున్నర బస్సుకి నేనే ఎక్కించాను, కట్టున్న చెయ్యి ఎవరికీ తగలకుండా కిటికీ పక్క సీటు చూసి. ఎలా పడ్డావని నేనడగలేదు. అడిగితే ఆ బస్సు నేనూ ఎక్కాల్సొచ్చేది.